వాడిన బ్లేడు – వీడని బాధ్యత

పాఠ్య పరిచయం

మానవుడు వాడి పారవేసే వస్తువులలో అతి పలుచనిది, అతి పదునైనది బ్లేడు. దాని ఖరీదు స్వల్పం. ఆయుర్దాయం కొద్ది రోజులు. అయినా అది కలిగించగల కీడు స్వల్పం కాదు. నిత్యజీవితంలో ఎవరూ అంతగా పట్టించుకొనని ఈ చిన్న వస్తువు చరిత్రను, అది చెత్తలో చేసే ప్రయాణాన్ని, దానిని సురక్షితంగా కొలిమికి చేర్చే మార్గాన్ని సికింద్రాబాద్ నగర జీవితం ఆధారంగా వివరించడం ఈ పాఠ్యభాగ ఉద్దేశం. శ్రమజీవుల పట్ల గౌరవాన్ని, పరిసరాల పట్ల బాధ్యతను విద్యార్థులలో పెంపొందించడం దీని లక్ష్యం.

పాఠం

తెల్లవారుజామున సికింద్రాబాద్ వీధులలో మొదట వినిపించేది చీపురు చప్పుడు. మారేడుపల్లిలోనైనా, చిలకలగూడలోనైనా పారిశుద్ధ్య కార్మికులు పని మొదలుపెట్టే వేళకు నగరం ఇంకా నిద్రలోనే ఉంటుంది. వారు ఊడ్చి, పోగుచేసి, బండిలోకి ఎత్తే చెత్తలో ఏమున్నదో వారికి ముందుగా తెలియదు. సంచి ముడి విప్పి చేయి పెట్టిన తరువాతనే తెలుస్తుంది. చేతికి తగిలింది కుళ్ళిన కూరగాయ అయితే నీళ్ళతో కడుగుకొంటే సరిపోతుంది. నిన్న ఉదయం ఏదో ఒక ఇంటిలో గడ్డం గీసుకొని, కనీసం కాగితంలోనైనా చుట్టకుండా విసిరివేసిన బ్లేడు అయితే ఆనాటి కూలి, ఆ చేతి నైపుణ్యం, ఒక్కొక్కప్పుడు ఆరోగ్యమే ప్రమాదంలో పడతాయి.

మన పెద్దలు అత్యంత కఠినమైన నియమాన్ని అసిధారావ్రతమన్నారు. అసి అంటే కత్తి. ధార అంటే అంచు. కత్తి అంచుపై నడవడం వంటి వ్రతమని దాని భావం. కావ్యాలలో అది అలంకారమే. చెత్త సంచిలో చేయి పెట్టి బతుకు వెళ్ళదీసే శ్రామికునికి మాత్రం అది దినచర్య. విచారింపదగిన విషయమేమంటే, ఆ అంచును అక్కడ ఉంచినవారెవరూ అతనికి శత్రువులు కారు. వారు చదువుకొన్నవారు, మర్యాదస్థులు. ఒకరి చేతికి గాయం చేస్తున్నామని ఎరుగని వారు.

పొది నుండి పొట్లానికి

బ్లేడును పారవేయడం మానవునికి పుట్టుకతో వచ్చిన అలవాటు కాదు. పూర్వం క్షురకుని పొదిలో ఉండే మంగలికత్తిని ఎవరూ పారవేసేవారు కారు. మొద్దుబారితే సానరాతిపై నూరేవారు; తోలుపట్టెపై రాసి పదును తెచ్చేవారు. తండ్రి వాడిన కత్తిని కొడుకు వాడేవాడు. అరిగి అరిగి ఇక పనికిరాదనుకొన్న కత్తి కమ్మరి కొలిమిలో కరిగి మరొక పనిముట్టుగా పుట్టేది. వ్యర్థమన్న మాటకు అక్కడ చోటే లేదు.

ఈ పరిస్థితిని మార్చినవాడు కింగ్ క్యాంప్ జిల్లెట్ అనే అమెరికా దేశస్థుడు. నూరవలసిన అవసరం లేకుండా, కొద్ది రోజులు వాడి పారవేయగల పలుచని ఉక్కురేకును తయారుచేయాలని అతడు సంకల్పించాడు. 1901లో సంస్థను స్థాపించాడు. అమ్మకాలు మొదలైన 1903వ సంవత్సరంలో అమ్ముడుపోయినవి 51 రేజర్లు, 168 బ్లేడ్లు మాత్రమే. 1904లో అతనికి పేటెంటు లభించింది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా ప్రభుత్వం తన సైనికుల కోసం సుమారు 35 లక్షల రేజర్లను, 3 కోట్ల 20 లక్షల బ్లేడ్లను కొనుగోలు చేసింది. యుద్ధం ముగిసిన తరువాత ఆ సైనికులు తమ అలవాటును కూడా వెంటబెట్టుకొని ఇళ్ళకు చేరారు. ఆపైన ఆ పొట్లం దేశదేశాలకు పాకింది. మన పల్లెల కిరాణా కొట్టులో కూడా దొరికే వస్తువయింది.

కొత్త సౌకర్యంతోపాటు కొత్త సమస్య పుట్టింది. వాడిన బ్లేడును ఏమి చేయాలి? అమెరికాలో అనేక ఇళ్ళలో స్నానాల గది అద్దపు బీరువా వెనుక ఒక సన్నని చీలిక ఉండేది. వాడిన బ్లేడును అందులో జారవిడిస్తే అది గోడ లోపలి ఖాళీలో పడేది. ఆ ఇళ్ళను పడగొట్టేటప్పుడో, బాగుచేసేటప్పుడో గోడలలో నుండి తుప్పుపట్టిన బ్లేడ్లు కుప్పలుగా బయటపడడం అక్కడ సాధారణమే. మన ఇళ్ళలో జరిగేది కూడా ఇంతకు భిన్నం కాదు. అద్దం వెనుక, కిటికీ గూటిలో, తలుపు చట్రం పగులులో, పెరటి గోడ అవతల వాడిన బ్లేడు కనిపిస్తూనే ఉంటుంది. దాచడాన్ని పారవేయడమని భావించడమే ఈ రెండు దేశాల వారు చేసిన పొరపాటు.

మొద్దుబారినా పోని పదును

నేటి బ్లేడు సాధారణంగా తుప్పుపట్టని ఉక్కుతో తయారవుతుంది. అందులో సుమారు 13 శాతం క్రోమియం ఉంటుంది. రెండంచుల బ్లేడు పొడవు 43 మిల్లీమీటర్లు, వెడల్పు 22 మిల్లీమీటర్లు, మందం మిల్లీమీటరులో పదవ వంతు. బరువు గ్రాముకన్న తక్కువ.

వెంట్రుక ఉక్కుకన్న సుమారు 50 రెట్లు మెత్తనిది. అటువంటి వెంట్రుకను కోసి ఉక్కు ఎట్లా మొద్దుబారుతుందన్నది చాలాకాలం చిక్కు ప్రశ్నగా ఉండేది. 2020లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ పరిశోధకులు గడ్డం గీసిన బ్లేడ్లను శక్తిమంతమైన సూక్ష్మదర్శిని క్రింద పరిశీలించి దీనికి సమాధానం చెప్పారు. అంచు క్రమంగా అరిగి గుండ్రబడడం కన్న, అక్కడక్కడ అతి సూక్ష్మమైన పెచ్చులుగా ఊడిపోవడం వల్లనే బ్లేడు పనికిరాకుండా పోతున్నదని వారు తేల్చారు.

ఈ విషయంలో సామాన్యులు గ్రహించవలసిన సత్యం ఒకటి ఉంది. గడ్డానికి పనికిరానంత మాత్రాన బ్లేడు అంచు మాయం కాదు. పెచ్చులూడిన అంచు గడ్డాన్ని నున్నగా గీయలేకపోవచ్చు. వేలిని మాత్రం ఇంకా సులభంగా చీల్చగలదు. ఇంటి యజమాని దృష్టిలో బ్లేడు మరణించింది. చెత్త ఎత్తే వారి దృష్టిలో అది సజీవంగానే ఉంది.

రక్తమార్గం

సికింద్రాబాద్ పేరు వైద్యచరిత్రలో శాశ్వతంగా నిలిచి ఉంది. మూడవ నిజాం సికందర్ జా పేరుమీద 1806లో ఏర్పడిన ఈ సైనిక స్థావరంలో వైద్యాధికారిగా పనిచేసిన రొనాల్డ్ రాస్, 1897 ఆగస్టు 20న బేగంపేటలో ఒక దోమ జీర్ణకోశ కుడ్యంలో మలేరియా పరాన్నజీవిని గుర్తించాడు. కంటికి ఆనని గాటు ద్వారా వ్యాధి ఒక మనిషి రక్తంలో నుండి మరొక మనిషి రక్తంలోకి ఎట్లా చేరగలదో ప్రపంచం అర్థం చేసుకోవడానికి ఆ పరిశోధన పునాది వేసింది. ఆ విజ్ఞానం వెలసిన నగరంలోనే రక్తం అంటిన బ్లేడ్లు చెత్తలో కలిసిపోవడం విచారకరం.

గడ్డం గీసుకొనేటప్పుడు చర్మం చిట్లి బ్లేడుకు రక్తం అంటడం సహజం. హెపటైటిస్ బి వైరస్ పొడిబారిన రక్తంలో కూడా కనీసం ఏడు రోజులు వ్యాధిని కలిగించే శక్తితో ఉండగలదు. మన దేశంలో హెపటైటిస్ బి టీకా శిశువుల సార్వత్రిక టీకాల కార్యక్రమంలో 2002 ప్రాంతంలో ప్రయోగాత్మకంగా ప్రవేశించి, 2011 నాటికి దేశమంతటా విస్తరించింది. అంటే నేడు చెత్త మోస్తున్న నడివయస్సు కార్మికులలో అధికులు బాల్యంలో ఆ టీకాకు నోచుకొననివారే. మట్టిలో, పేడలో ఉండే ధనుర్వాత క్రిములు కూడా గాయం ద్వారానే దేహంలో ప్రవేశిస్తాయి.

ఎవరికైనా చెత్తలోని బ్లేడు తెగితే గాయాన్ని నోటితో పీల్చరాదు, పిండరాదు. పారుతున్న నీటితో, సబ్బుతో బాగా కడిగి, గుడ్డ కట్టి, ఆలస్యం చేయకుండా వైద్యుని దగ్గరకు వెళ్ళాలి. ధనుర్వాత టీకా, అవసరమైతే ఇతర మందులు వేయించుకోవాలి. కొన్ని మందులు గాయమైన కొద్ది గంటలలో మొదలుపెడితేనే ఫలిస్తాయి. 72 గంటలు దాటితే నిరుపయోగమవుతాయి.

మాట చెప్పలేని మూగజీవాల కష్టం మరొకటి. చెత్తకుప్పల దగ్గర మేసే ఆవులు, గేదెలు మేతను నమలకుండానే త్వరత్వరగా మింగి, తరువాత తీరికగా నెమరువేస్తాయి. మేతలో ఉన్న మేకు, తీగ, బ్లేడు ముక్క కూడా లోపలికి పోతుంది. పశువు ఉదరంలోని నాలుగు గదులలో రెండవది తేనెతుట్టె వంటి గోడలు కలది. బరువైన లోహపు ముక్కలు అందులో చేరి నిలుస్తాయి. ఆ గదికి అతి సమీపంలోనే గుండె ఉంటుంది. లోహపు మొన ఆ గోడను చీల్చుకొని గుండె పొరను తాకితే పశువుకు ప్రాణాపాయం తప్పదు. మేత మాని, వీపు వంచి, మూలుగుతూ నిలబడే ఆ పశువు తన బాధకు కారణం చెప్పలేదు.

క్షౌరశాల నేర్పిన పాఠం

బ్లేడు విషయంలో సమాజం ఒకసారి మేల్కొన్నది. 1990వ దశకంలో ఎయిడ్స్ వ్యాధిపై అవగాహన పెరిగినప్పుడు, క్షౌరశాలలో ఒకరికి వాడిన బ్లేడును మరొకరికి వాడరాదన్న మాట ఊరూరా ప్రచారమయింది. పాత మంగలికత్తి స్థానంలో బ్లేడు ముక్కను బిగించి వాడే పిడి వచ్చింది. కుర్చీలో కూర్చున్న ప్రతివాడూ "కొత్త బ్లేడు వేయి, అన్నా" అని అడగడం నేర్చుకొన్నాడు. క్షురకుడు కాగితపు పొట్లంలోనే బ్లేడును రెండుగా విరిచి, అందులో సగాన్ని పిడికి తొడగడం నిత్యదృశ్యమయింది. తిరుమల కల్యాణకట్టలో తలనీలాలు సమర్పించే భక్తులకు టోకెనుతోపాటు బ్లేడును ఇవ్వడం కూడా ఈ జాగ్రత్తకు నిదర్శనమే.

అయితే ఆ మేల్కొలుపు సగంలోనే ఆగింది. కుర్చీలో కూర్చున్నవాని క్షేమం కోసం కొత్త బ్లేడు వచ్చింది. వాడిన బ్లేడు ఎవరి చేతికి చేరుతుందన్న ప్రశ్న మాత్రం రాలేదు. ఒక క్షౌరశాలకు రోజుకు 30 మంది వస్తారనుకొంటే, మనిషికి సగం చొప్పున రోజుకు 15 బ్లేడ్లు ఖర్చవుతాయి. ఏడాదిలో 300 పనిదినాలకు అవి 4,500. అంటే 9,000 ముక్కలు, 9,000 అంచులు. అవన్నీ వెంట్రుకలతో కలిసి ఊడ్చిన చెత్తలోకి పోతే ఆ చెత్తను ఎత్తేవారి గతి ఏమిటి? కొత్త బ్లేడు అడగడం తన రక్షణ కోసం. "వాడిన బ్లేడు ఎక్కడ వేస్తావు, అన్నా?" అని అడగడం పరోపకారం. మొదటి ప్రశ్న నేర్చుకొన్న సమాజం రెండవ ప్రశ్న కూడా నేర్చుకోగలదు.

ఆస్పత్రులు ఈ పనిని ఇప్పటికే చేస్తున్నాయి. 2016లో వెలువడిన జీవవైద్య వ్యర్థాల నిర్వహణ నియమావళి ప్రకారం సూదులు, శస్త్రచికిత్స కత్తులు, బ్లేడ్లు వంటి వాటిని గుచ్చినా చిల్లుపడని, కారని, మధ్యలో తెరవడానికి వీలులేని తెల్లని పెట్టెలలో వేయాలి. తరువాత వేడితో క్రిములను నశింపజేసి, ముక్కలు చేసి, ఇనుము పోతపోసే కర్మాగారాలకు గాని, నిర్దేశించిన సురక్షిత స్థలాలకు గాని పంపాలి. ఆస్పత్రిలో ప్రమాదకరమైన వస్తువు ఇంటికి వచ్చేసరికి నిరపాయకరం కాజాలదు.

ఒంటరి బ్లేడు, పోగైన లోహం

సికింద్రాబాద్ ఇనుము విలువ తెలిసిన నగరం. రాణీగంజ్ వీధులలో ఇనుప సామాను, యంత్ర పరికరాల దుకాణాలు బారులుతీరి ఉంటాయి. బోయిగూడ వంటి ప్రాంతాలలో పాత సామానుల గోదాములు ఎన్నో వెలిశాయి. పాత సైకిలు, విరిగిన మంచం, చిల్లుపడిన బకెట్టు ఇక్కడ చెత్త కావు, సరకు. ఒక టన్ను ఉక్కుతుక్కును తిరిగి కరిగించి వాడితే సుమారు 1,400 కిలోల ముడి ఇనుము, 740 కిలోల బొగ్గు, 120 కిలోల సున్నపురాయి ఆదా అవుతాయని ప్రపంచ ఉక్కు సంఘం లెక్కకట్టింది. ఉక్కును ఎన్నిసార్లు కరిగించినా అది ఉక్కే. బ్లేడు కూడా అయస్కాంతానికి అంటుకొనే మేలిరకం ఉక్కే. మరి అది సరకు ఎందుకు కాలేదు?

కారణం దాని అల్పత్వం. ఒక మనిషి వారానికి ఒక బ్లేడు వాడితే ఏడాదికి 52. ఇరవై సంవత్సరాలకు 1,040. అవన్నీ కలిపినా కిలో తూగవు. అంత తక్కువ ఉక్కు కోసం ఏ పాత ఇనుప వ్యాపారీ ఇంటికి రాడు. ఒంటరి బ్లేడును ఎవరూ ఏరరు; ఏరబోయినవారి చేయి తెగుతుంది. అదే బ్లేడు వందలాది తోటి బ్లేడ్లతో ఒక ఇనుప డబ్బాలో చేరితే ఎవరి చేతినీ కోయదు. కొలిమికి చేరే అర్హత కూడా పొందుతుంది. కాబట్టి బ్లేడు విషయంలో భద్రత, పునర్వినియోగం వేరువేరు పనులు కావు. పోగుచేయడమనే ఒక్క పని ఆ రెండింటినీ సాధిస్తుంది.

ఇనుప తుక్కు కొలిమికి చేరే మార్గంలో ఎందరో శ్రమజీవులు ఉన్నారన్న సంగతిని మరువరాదు. 2022 మార్చి 23 తెల్లవారుజామున బోయిగూడలోని ఒక పాత సామానుల గోదాములో అగ్నిప్రమాదం సంభవించింది. పై అంతస్తులో నిద్రిస్తున్న 11 మంది కార్మికులు మరణించారు. పొట్టకూటికై బీహారు రాష్ట్రం నుండి వచ్చినవారు వారు. నగరం వద్దనుకొన్న వస్తువులను వేరుచేసి, మళ్ళీ విలువ కల్పించే పనిలో ఉన్నవారి బతుకు ఎంత అభద్రమైనదో ఆ ఉదయం అందరికీ తెలిసింది. ఆ దుర్ఘటనకు కారణం బ్లేడు కాదు. కాని వస్తువు చేయి దాటగానే బాధ్యత కూడా దాటిపోయిందని భావించే సమాజంలో, ఆ వస్తువును అందుకొనే చేతులు ఎవరికీ కనబడవు. కనబడని చేతుల రక్షణను ఎవరూ తలచుకోరు.

చేయవలసిన పని

ఇంటింటా చేయదగిన ఏర్పాటు ఎంతో సులభం. మూత బిగువుగా ఉండే ఖాళీ ఇనుప రేకు డబ్బాను ఎన్నుకోవాలి. గాజుసీసా పగులుతుంది, పలుచని ప్లాస్టిక్ చీలుతుంది, అందుచేత అవి తగవు. పెద్దల సహాయంతో మూతపై రెండున్నర సెంటీమీటర్ల పొడవు, రెండు మిల్లీమీటర్ల వెడల్పు గల చీలిక చేయించాలి. మూతను గట్టి అంటుపట్టీతో చుట్టూ బిగించాలి. డబ్బాపై "వాడిన బ్లేడ్లు – జాగ్రత్త" అని పెద్ద అక్షరాలతో రాయాలి. చదువురాని వారికి కూడా తెలిసేటట్లు బ్లేడు బొమ్మ గీయాలి. పిల్లలకు అందని చోట ఉంచి, వాడిన ప్రతి బ్లేడును వెంటనే అందులో జారవిడవాలి. ఒకసారి వేసిన బ్లేడును తిరిగి తీయరాదు. మూతను ఎన్నడూ తెరవరాదు.

డబ్బా ఇనుముదే కావాలనడానికి బలమైన కారణం ఉంది. నిండిన డబ్బాను ఎవరూ విప్పనవసరం లేకుండా డబ్బాతో సహా కరిగించవచ్చు. ముప్పాతిక వంతు నిండగానే చీలికను కూడా అంటుపట్టీతో మూసివేసి, లోపల ఏమున్నదో నోటితో చెప్పి పాత ఇనుప వ్యాపారికి అప్పగించాలి. చెప్పకుండా పాత సామానులో కలపడం చెత్తలో విసిరివేయడంతో సమానం. వ్యాపారి తీసుకోనంటే ఇంటింటికీ వచ్చే చెత్తబండి వారికి, తడి చెత్తలోను పొడి చెత్తలోను కలపకుండా, ప్రత్యేకంగా చేతికి అందించాలి.

చట్టం కూడా ఈ మార్గాన్నే సూచించింది. 2015లో హైదరాబాద్ మహానగరపాలక సంస్థ తడి చెత్తకు ఆకుపచ్చనివి, పొడి చెత్తకు నీలివి చొప్పున ఇంటికి రెండు చెత్తబుట్టలను పంపిణీ చేసింది. 2016 నాటి ఘనవ్యర్థాల నిర్వహణ నియమావళి మూడవ విభాగంగా గృహ సంబంధ ప్రమాదకర వ్యర్థాలను పేర్కొని, వాడిన సూదులను, పాడైన దీపాలను, కాలం తీరిన మందులను అందులో చేర్చింది. దాని స్థానంలో 2026 ఏప్రిల్ 1 నుండి అమలుకు వచ్చిన కొత్త నియమావళి తడి, పొడి, పారిశుద్ధ్య సంబంధ, ప్రత్యేక శ్రద్ధ అవసరమైన వ్యర్థాలని నాలుగు విభాగాలు చేసింది. గుచ్చుకొనే సూదికి చూపే శ్రద్ధను కోసే బ్లేడుకు కూడా చూపడం ఆ నియమాల ఆంతర్యానికి అనుగుణమైన పని.

ప్లాస్టిక్ పిడితో కలిసిపోయిన రేజర్లు మరొక చిక్కు. అందులో ఉక్కును ప్లాస్టిక్ నుండి వేరుచేయడం కష్టం. అందుచేత వాటిని ఇనుప డబ్బాలో వేయరాదు. గట్టి పెట్టెలో విడిగా ఉంచి ప్రత్యేక వ్యర్థంగా అప్పగించాలి. మధుమేహ రోగులు వాడే సూదులకు కూడా వేరే పెట్టె ఉండాలి. కొనేటప్పుడే ఆలోచించి, పిడి శాశ్వతంగా ఉండి బ్లేడు మాత్రమే మారే లోహపు రేజరును ఎన్నుకొంటే వ్యర్థం తగ్గుతుంది.

కళాశాల విద్యార్థులకు ఇది దూరపు విషయం కాదు. వృక్షశాస్త్ర ప్రయోగశాలలో కాండానికి, వేరుకు అడ్డుకోతలు తీసేది బ్లేడుతోనే. పెన్సిలు చెక్కేది, చిత్రపటాలు కత్తిరించేది బ్లేడుతోనే. ప్రయోగం ముగిసిన తరువాత బల్లపై, నీటి తొట్టిలో, సొరుగులో మిగిలే బ్లేడ్లు మరునాడు గదిని శుభ్రపరిచే ఆయా చేతికి తగులుతాయి. సూక్ష్మదర్శినిలో కణాన్ని చూడగలిగిన కన్ను ఎదుట నిలిచిన మనిషి చేతిని చూడలేకపోతే ఆ విద్య అసంపూర్ణం. ప్రయోగశాలకు ఒక డబ్బా, వసతి గృహానికి ఒక డబ్బా, వీధిలోని క్షౌరశాలకు ఒక డబ్బా ఏర్పాటు చేయడానికి నిధులు అక్కరలేదు, పూనిక చాలు. కిలో తూగని ఇంటి బ్లేడ్లు కళాశాలలో, వీధిలో కలిస్తే కిలోలు తూగుతాయి.

ఉపసంహారం

ఆ డబ్బాలోని ఉక్కుకు వచ్చే ధర అత్యల్పం. దానివల్ల ఎవరూ ధనవంతులు కారు. అయినా ఆ డబ్బా ఉన్న ఇంటి చెత్తసంచిని విప్పే చేయి భయం లేకుండా విప్పుతుంది. ఆ చేతితోనే ఒక తల్లి సాయంత్రం తన బిడ్డకు అన్నం కలిపి పెడుతుంది. వెనుకటి కాలంలో అరిగిన కత్తి కమ్మరి కొలిమికి చేరేవరకు దాని యజమాని దానిని విడిచేవాడు కాడు. కత్తి మారి బ్లేడు వచ్చింది. కొలిమి మారి కర్మాగారం వచ్చింది. నడుమ ఉండవలసిన బాధ్యత మాత్రం మారలేదు. బ్లేడుకు రెండు అంచులున్నట్లే దానిని వాడేవారికి రెండు పనులున్నాయి: తన ముఖానికి గాటు పడకుండా గీసుకోవడం, ఇతరుల చేతికి గాటు పడకుండా విడవడం. రెండవది కూడా పూర్తయినప్పుడే క్షౌరం ముగిసినట్లు.

పదాలు – అర్థాలు

అసిధార = కత్తి అంచు
పొది = క్షురకుని పనిముట్ల సంచి
క్షురకుడు = క్షౌరం చేసేవాడు
కుడ్యం = గోడ
ధనుర్వాతం = శరీరం విల్లువలె బిగుసుకొనిపోయే వ్యాధి
తలనీలాలు = మొక్కుగా సమర్పించే తలవెంట్రుకలు
నిరపాయకరం = అపాయం కలిగించనిది
అల్పత్వం = చిన్నతనం, కొద్దిపాటితనం
ఆంతర్యం = లోపలి భావం
పూనిక = ప్రయత్నం, పట్టుదల

అభ్యాసం

అ) ఈ క్రింది ప్రశ్నలకు ఇరవై పంక్తులకు మించకుండా సమాధానాలు రాయండి.
1. బ్లేడు విషయంలో భద్రత, పునర్వినియోగం వేరువేరు పనులు కావని పాఠ్యభాగం ఎట్లా నిరూపించింది?
2. వాడిన బ్లేడు వల్ల మనుషులకు, పశువులకు కలిగే కీడును వివరించండి.

ఆ) ఈ క్రింది ప్రశ్నలకు పది పంక్తులకు మించకుండా సమాధానాలు రాయండి.
1. మొద్దుబారిన బ్లేడు ఎందుకు ప్రమాదకరం?
2. బ్లేడ్లు వేసే డబ్బా ఇనుముదే కావాలనడానికి కారణమేమి?
3. క్షౌరశాలలో వచ్చిన మేల్కొలుపు సగంలోనే ఆగిందనడంలోని భావమేమి?

ఇ) ఈ క్రింది ప్రశ్నలకు ఒక్క వాక్యంలో సమాధానాలు రాయండి.
1. సికింద్రాబాద్‌కు ఆ పేరు ఎవరి మూలంగా వచ్చింది?
2. రొనాల్డ్ రాస్ మలేరియా పరాన్నజీవిని ఎప్పుడు, ఎక్కడ గుర్తించాడు?
3. జిల్లెట్ సంస్థ 1903లో ఎన్ని బ్లేడ్లను అమ్మింది?

ఈ) సంధులు
ప్రాణాపాయం = ప్రాణ + అపాయం – సవర్ణదీర్ఘ సంధి
పరోపకారం = పర + ఉపకారం – గుణ సంధి
అత్యంత = అతి + అంత – యణాదేశ సంధి

ఉ) సమాసాలు
నాలుగు గదులు – నాలుగు సంఖ్య గల గదులు – ద్విగు సమాసం
అగ్నిప్రమాదం – అగ్నివల్ల ప్రమాదం – పంచమీ తత్పురుష సమాసం
రక్తమార్గం – రక్తం యొక్క మార్గం – షష్ఠీ తత్పురుష సమాసం

ఊ) ప్రాజెక్టు పని
కళాశాల ప్రయోగశాలలో ఒక నెలలో వాడిన బ్లేడ్ల సంఖ్యను అధ్యాపకుల పర్యవేక్షణలో నమోదుచేసి, వాటిని సురక్షితంగా అప్పగించిన విధానాన్ని ఒక పుటలో నివేదికగా రాయండి.